టైర్లు పెరిగాయి సరే, గేర్లు కూడా మార్చాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గోల ఒకటే. పెద్ద టైర్లు వేయించాం, బండి చూడ్డానికి నిండుగా ఉంది, కానీ ముందులా లాగడం లేదు, ఇప్పుడు డిఫరెన్షియల్, అంటే యాక్సిల్ మధ్యలో చక్రాల్ని తిప్పే గేర్ల డబ్బా, విప్పించి లోపలి గేర్లు మార్పించాలా అని. పికప్‌కి పికప్ పోయింది సార్ అని ఒకాయన రాశారు, నవ్వొచ్చింది కానీ విషయం అదే. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, మీ ప్రశ్న కింద ఎక్కడున్నా సరే ముందు అది చదవండి, లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: నాది పెట్రోల్ పికప్ ట్రక్కు, ఆరు గేర్ల ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, యాక్సిల్ రేషియో 3.73. కంపెనీ టైర్లు 265/70 ఆర్17. రెండు వారాల కింద అవి తీసేసి 315/70 ఆర్17 వేయించాను. అప్పటి నుంచి వంద మీద వెళ్తుంటే ఆరో గేరులో నిలవదు, ఐదుకి దిగుతుంది, మళ్లీ ఆరుకి ఎక్కుతుంది, చిరాగ్గా ఉంది. లీటరుకి 10 ఇచ్చే బండి 8.5 ఇస్తోంది. టైర్లు వేసినాయన 4.56 గేర్లు వేయించుకోమంటున్నాడు. మా బావేమో కొన్నాళ్లకి అదే అలవాటైపోతుంది ఊరుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. రెండు వారాలు ఏ నిర్ణయానికీ చాలవు. పైగా మీరు రాసిన రెండు అంకెలూ, ఆ వందా ఆ ఎనిమిదిన్నరా, రెండూ తప్పే. మీరు అబద్ధం చెప్పారని కాదు, మీ మీటర్ మీకు చెప్తోంది.

టైరు లెక్క చూద్దాం. 265/70 అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 70 శాతం. ఆ గోడ రిమ్‌కి పైన ఒకసారి, కింద ఒకసారి వస్తుంది, మధ్యలో 17 అంగుళాల రిమ్ ఉంటుంది. కూడితే మీ పాత టైరు ఎత్తు 803 మిల్లీమీటర్లు, అంటే 31.6 అంగుళాలు. కొత్తది 873, అంటే 34.4 అంగుళాలు. తేడా 8.7 శాతం. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటి కన్నా అంత ఎక్కువ దూరం పోతోంది, కానీ ఆ సంగతి స్పీడోమీటర్‌కి ఎవరూ చెప్పలేదు కదా. ఇదివరకు అది సరిగ్గానే చూపించేదనుకుంటే, ఇప్పుడు ముల్లు 100 మీద ఉన్నప్పుడు మీరు దాదాపు 109లో వెళ్తున్నారు. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఈ కొంచెం తేడాకే బండిని వెనక్కి తోసే గాలి 18 శాతం ఎక్కువైంది. అంటే ఆరో గేరు నిలవకపోవడంలో కొంత తప్పు గేర్లది కాదు, తెలియకుండానే మీరు జోరు పెంచారు.

మైలేజీ కథా ఇంతే. వంద కిలోమీటర్లు తిరిగినట్టు మీటర్ చూపించినప్పుడు మీరు తిరిగింది 108.7. మీ 8.5ని 1.087తో గుణించండి, 9.2 వస్తుంది. అంటే పడిపోయింది ఒకటిన్నర కాదు, ముప్పాతిక. మిగతాది మీటర్ మాయ. నాకు వచ్చే ఉత్తరాల్లో మైలేజీ సగం చచ్చిందని ఏడ్చేవాళ్లలో ఈ గుణకారం చేసి రాసినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరు కూడా లేరు.

ఇక గేర్ల సంగతి. 3.73 అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కి వచ్చే పొడుగు కడ్డీ) 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందని. లోపల పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 11 ఉంటే 3.73. అదే 41కి పినియన్ పళ్లు 10 అయితే 4.10, 9 అయితే 4.56. అంకె పెరిగేకొద్దీ లాగే బలం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాల్సి వస్తుంది. మెకానిక్‌లలో కొందరు పెద్ద అంకెని 'లో' గేరంటారు, కొందరు పెద్ద గేరంటారు, దాంతో ఇద్దరు మాట్లాడుకుంటూ ఎదురెదురు అర్థాలు చెప్పుకుంటుంటారు. మీరు మాత్రం ఎప్పుడూ అంకే చెప్పండి.

పెద్ద టైరు వేయడమంటే గేరు చిన్న అంకెకి మార్చినట్టే. 3.73ని 1.087తో భాగిస్తే 3.43. కంపెనీ మీ బండిని పాత టైర్లతోనే 3.43 గేర్లు పెట్టి ఇచ్చి ఉంటే ఎలా లాగేదో, ఇప్పుడు అలా లాగుతోంది. పాత స్థితికి రావాలంటే 3.73ని 1.087తో గుణించాలి, 4.05 వస్తుంది. సరిగ్గా ఆ అంకె దొరకదు కాబట్టి దగ్గరలో ఉన్నది 4.10.

ఇంజన్ ఎంత తిరుగుతుందో మీరే వేసుకోవచ్చు. కిలోమీటర్లలో వేగాన్ని 209తో గుణించి, దాన్ని యాక్సిల్ రేషియోతో, తర్వాత మీరున్న గేరు రేషియోతో గుణించి, వచ్చినదాన్ని అంగుళాల్లో టైరు ఎత్తుతో భాగిస్తే ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, వస్తుంది. ఆరో గేరు 0.7 అనుకుందాం, నిజమైన వంద కిలోమీటర్ల వేగం అనుకుందాం. పాత టైర్లతో సుమారు 1730. కొత్త టైర్లు, పాత గేర్లు అయితే 1590. 4.10 వేస్తే 1745. 4.56 వేస్తే 1940. చూశారుగా, 4.10 మిమ్మల్ని ఇంటికి తెచ్చి దింపుతుంది, 4.56 ఇల్లు దాటించి ఇంకో నాలుగు వీధులు తీసుకెళ్తుంది.

అలాగని టైర్లాయన చెప్పింది పూర్తిగా తప్పు అనను. పెద్ద టైరు ఎత్తు ఒక్కటే పెరగదు, బరువూ పెరుగుతుంది, ఆ బరువు కూడా చక్రం అంచున ఉంటుంది కాబట్టి కదిలించడానికీ ఆపడానికీ ఇంజన్, బ్రేకులు రెండూ ఎక్కువ కష్టపడాలి. వెడల్పు ఎక్కువ, పట్టీ గరుకు ఎక్కువ, బండి కొంచెం పైకి లేచింది, గాలి ఇంకా తగులుతుంది. ఎత్తు లెక్కలో ఇవేవీ కనపడవు. అందుకే అనుభవమున్నవాళ్లు లెక్కకి వచ్చిన అంకె కన్నా ఒక మెట్టు ఎక్కువ వేయమంటారు. ఎప్పుడూ బరువుతో కొండదారుల్లో తిరిగే బండి అయితే నేనూ 4.56 వైపే మొగ్గుతాను. ఖాళీగా, హైవే మీద ఎక్కువ తిరిగే బండికి మాత్రం రోజంతా ఆ అదనపు రెండు వందల ఆర్‌పీఎం మోత దేనికి?

మరి అసలు మార్చాలా వద్దా? నేను చూసేది ఒక్కటే: మీకు టాప్ గేరు ఉందా, పోయిందా. ఒక నెల టైమ్ తీసుకోండి. స్పీడోమీటర్ వదిలేసి జీపీఎస్‌లో వేగం చూస్తూ, మీరు ఎప్పుడూ వెళ్లే దారిలో, ఎప్పుడూ వెళ్లే నిజమైన వేగంలో నడపండి. చదును రోడ్డు మీద ఆరో గేరు నిలుస్తూ, చిన్న చిన్న ఎత్తుల దగ్గర మాత్రం ఐదుకి దిగుతుంటే మీ బండి ఆరోగ్యంగానే ఉంది, ఐదో గేరు ఉన్నదే అందుకు. చదును మీద కూడా, పెద్దగా ఎదురుగాలి లేకపోయినా, ఆరు పట్టదు, పట్టినా పది సెకన్లలో వదిలేస్తుంది అంటే మీ దగ్గర ఇప్పుడున్నది ఐదు గేర్ల బండి. అప్పుడు మార్చడమే మంచిది, ఎందుకంటే ఐదులోనే రోజులు గడుపుతుంటే టాప్ గేరు ఆదా ఎటూ పోయింది, పైగా అస్తమానం గేర్లు మారుతూ, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఆయిల్‌తో కలిపే భాగం) లాక్ పడుతూ ఊడుతూ ఉంటే గేర్‌బాక్స్ ఆయిల్ కాగిపోతుంది. ఆటోమేటిక్‌ని చంపేది ముఖ్యంగా ఆ వేడే. గేర్లు మార్చాక మైలేజీ పెరిగిందని కొందరు చెప్తే నమ్మబుద్ధి కాదు గానీ, ఇలా టాప్ గేరు పూర్తిగా పోగొట్టుకున్న బండ్ల విషయంలో అది నిజంగానే జరుగుతుంది.

అంతవరకు ఆరో గేరు పట్టనివ్వకుండా సెలెక్టర్‌తో ఐదులో ఆపి నడపండి. అటూ ఇటూ ఊగడం కన్నా స్థిరంగా ఐదులో ఉండటం గేర్‌బాక్స్‌కి ఎంతో సుఖం.

బండిని బట్టి కూడా జవాబు మారుతుంది. కొత్త ఎనిమిది, పది గేర్ల ఆటోమేటిక్‌లలో మొదటి గేరే 4.7 దాకా ఉంటుంది, గేరుకీ గేరుకీ మధ్య దూరం తక్కువ, కాబట్టి ఎనిమిది తొమ్మిది శాతం టైరు పెరిగినా సర్దుకుపోతాయి. పాత నాలుగు గేర్ల వాటిలో మొదటిది 3కి అటూ ఇటూ, మూడుకీ నాలుగుకీ మధ్య పెద్ద గొయ్యి ఉంటుంది, అవి ఇంత మార్పుకే చతికిలబడతాయి. మీ ఆరు గేర్లది రెంటికీ మధ్యన ఉంది, అందుకే ఇంత చెప్పాల్సి వచ్చింది. టర్బో డీజిల్ అయితే తక్కువ ఆర్‌పీఎంలోనే బలం ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటుంది, టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ఓర్చుకోదు.

ఇంకొక్క మాట, ఇది నా జేబు నేర్పింది. చాలా ఏళ్ల కింద నేను 33 అంగుళాల టైర్లు వేసి, వాటికి సరిపడా 4.10 గేర్లు మార్పించాను. ఏడాది తిరక్కుండానే 35 అంగుళాలవి చూసి మనసు పడ్డాను. మళ్లీ అదే యాక్సిల్ విప్పి 4.56. రెండుసార్లూ కూలి నిండుగా కట్టాను, అందులో గేర్ల సెట్టు ఖరీదు కన్నా పని కూలే ఎక్కువ. కాబట్టి ఈ టైర్లే చివరివా, ఇంకా పెద్దవి వేసే ఆలోచన ఉందా అన్నది తేల్చుకున్నాకే యాక్సిల్ విప్పించండి. ఎలాగూ లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ ఒకటిగా తిప్పేది) వేయించుకునే ఉద్దేశం ఉంటే అదీ అప్పుడే వేయించేయండి, లోపల విప్పే పని ఒకటే. కొన్ని యాక్సిళ్లలో ఒక అంకె దాటితే క్రౌన్ బిగించే కేరియర్ కూడా మార్చాలి, ఆ విషయం మీ యాక్సిల్ మోడల్ చెప్పి ముందే అడగండి, సగం విప్పాక తెలిస్తే టెన్షన్.

ప్రశ్న: మాదీ ఫోర్ వీల్ డ్రైవే, కానీ ముందు చక్రాల డ్రైవ్ ఏడాదికి రెండు మూడుసార్ల కన్నా వాడను. వెనక యాక్సిల్‌లో మాత్రం 4.10 వేయించి ముందుది 3.73 ఉంచేస్తే ఖర్చు సగం తగ్గుతుంది కదా?

జవాబు: వద్దు. ఆ రెండు మూడుసార్లలో మొదటిసారికే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకి పంచే డబ్బా, చేతికొస్తుంది.

ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. వెనక చక్రాలు 100 మీటర్లు పోయే లోపల ముందు చక్రాలు 110 మీటర్లు పోవాలని చూస్తాయి. రెండూ ఒకే బండికి ఉన్నాయి కాబట్టి ఆ పది మీటర్లు ఎక్కడో ఒకచోట తేలాలి, టైర్లు నేల మీద ఈడ్చుకుపోవాలి, లేదా చెయినో గేరో జాయింటో తెగాలి. బురదలో ఇసుకలో అయితే టైరు జారి కొంత తప్పుతుంది గానీ, అక్కడ కూడా ఒక యాక్సిల్ లాగుతుంటే ఇంకోటి పట్టుకుంటుంది. మీకు ఫోర్ వీల్ అవసరమయ్యేదే అలాంటి చోట కదా.

కొన్ని బండ్లకి కంపెనీయే ముందు 4.09, వెనక 4.10 ఇచ్చింది, దాన్ని చూపించి వాదించేవాళ్లు ఉంటారు. అది వందకి పావు వంతు తేడా. మీరు అడుగుతున్నది వందకి పది.

డబ్బు ఇప్పుడు ఒక యాక్సిల్‌కే ఉంటే ఆగండి, రెండూ కలిపి చేయించుకోండి. లేదా వెనకది మార్పించి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టేయండి, అప్పుడు మీది నిజంగానే టూ వీల్ డ్రైవ్, దానికి మీరు సిద్ధమేనా చూసుకోండి. లివర్ జోలికి వెళ్లనులే, జాగ్రత్తగా ఉంటాను అన్న మాట మాత్రం నేను నమ్మను. బండి వేరేవాళ్ల చేతికి ఏదో ఒకరోజు వెళ్తుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. యాక్సిల్ మీద ఉండాల్సిన రేకు లేదు, డోర్ స్టిక్కర్ చెరిగిపోయింది. నా బండిలో ఏ రేషియో ఉందో ఎలా తెలుస్తుంది?

జవాబు: స్టిక్కర్ ఉన్నా నేను లెక్కపెట్టమనే చెప్తాను, ఎందుకంటే స్టిక్కర్ ఫ్యాక్టరీలో ఏం వేశారో చెప్తుంది, మీకు ముందు ఓనర్ ఏం చేశాడో చెప్పదు.

చదునైన గట్టి నేల మీద బండి ఆపి, ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టండి. వెనక చక్రాలు రెండూ లేపి యాక్సిల్ కింద స్టాండ్లు వేయండి, జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కిందకి దూరకండి. గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వదలండి. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గుర్తులు పెట్టండి. ఇప్పుడు ఒక చక్రాన్ని తిప్పండి. రెండో చక్రం ఎదురు దిశలో తిరిగితే మీది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్, అప్పుడు ఆ రెండో చక్రాన్ని ఎవరైనా కదలకుండా పట్టుకోవాలి, మీరు మొదటిదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, ఆలోగా షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఒక్క చుట్టు కాకుండా రెండెందుకంటే, అవతల చక్రం ఆగి ఉన్నప్పుడు క్రౌన్ సగమే తిరుగుతుంది. రెండు చక్రాలూ ఒకే దిశలో కలిసి తిరిగితే లోపల లాకరో లిమిటెడ్ స్లిప్పో ఉన్నట్టు, దానికి ఒక్క చుట్టు చాలు.

మూడు ముప్పాతిక దగ్గర ఆగితే 3.73, నాలుగు దాటి కొంచెం పోతే 4.10, నాలుగున్నర దాటితే 4.56. అనుమానంగా ఉంటే ఓపిక చేసుకుని రెండుకి బదులు ఇరవై చుట్లు తిప్పి వచ్చినదాన్ని పదితో భాగించండి, 37 చుట్ల మీద పావు వంతు పైన వస్తే ఇక అనుమానం ఉండదు. పక్కన లెక్కపెట్టడానికి ఒక మనిషి ఉండాలి, మధ్యలో ఫోన్ ఎత్తని మనిషి.

ప్రశ్న: డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 వేశాను. కొంచెం మందంగా అనిపిస్తోంది. గేర్లు మార్చాలా?

జవాబు: మీ టైరు 29.5 అంగుళాల నుంచి 30.6కి వెళ్లింది, నాలుగు శాతం కూడా కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు. కొత్త టైరుకి, అరిగిపోయిన టైరుకి ఎత్తులోనే దాదాపు రెండు శాతం తేడా ఉంటుంది, మీరు పాతవి బాగా అరిగాక మార్చి ఉంటే మందంగా అనిపించడంలో అదీ ఒక భాగం. ఎత్తు దగ్గర ఒక క్షణం ముందే గేరు తగ్గించండి. బయల్దేరేటప్పుడు క్లచ్ సగం నొక్కిపెట్టి లాగించకండి. టైర్లలో గాలి ఎంతుందో కూడా ఒకసారి చూడండి. అంతకు మించి ఏమీ చేయకండి.

ప్రశ్న: గేర్లు మార్పించి మూడు వందల కిలోమీటర్లు తిరిగాను. డెబ్బై ఎనభై మధ్య యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి ఊళ వేసినట్టు శబ్దం. షాపులో అడిగితే కొత్త గేర్లు కదా, పళ్లు సర్దుకుంటాయి, వెయ్యి తిరిగితే పోతుంది అన్నారు. నిజమేనా?

జవాబు: నా అనుభవంలో ఆ ఊళ పోదు. మనకే అలవాటవుతుంది, లేదా పెరుగుతుంది.

క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి ఎంత లోతుగా కలవాలో షిమ్‌లు, అంటే పల్చటి రేకు బిళ్లలు, పెట్టి సరిచేయాలి. రెంటి పళ్ల మధ్య కాస్త ఆట ఉండాలి, చాలా యాక్సిళ్లలో అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, డయల్ గేజ్ పెట్టి కొలవాల్సిన సంగతి, చేత్తో ఊపి చెప్పేది కాదు. పినియన్ బేరింగుల మీద బిగువు కూడా కొలిచే పెట్టాలి. ఇవన్నీ అయ్యాక పళ్లకి రంగు పూసి తిప్పితే ఒక పన్ను ఇంకో పన్ను మీద ఎక్కడ ఆనుతోందో అచ్చు పడుతుంది. ఆ అచ్చు పన్ను మధ్యలో పడాలి, కొసకో వేరుకో జరిగితే మీరు వింటున్న పాట మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పన్ను ఒక ముఖం, వదిలితే రెండో ముఖం పనిచేస్తాయి కాబట్టి, వదిలినప్పుడే వస్తోందని మీరు చెప్పడం పనికొచ్చే సమాచారం, మెకానిక్‌కి ఆ మాట అలాగే చెప్పండి.

నాకూ ఒకచోట ఇదే జరిగింది. అచ్చు ఫొటో తీశారా అని అడిగాను, రంగు పూయలేదు, అనుభవం మీద బిగించాం అన్నారు. ఐదు వేల కిలోమీటర్లకి పళ్లు నల్లబడి గుంటలు పడ్డాయి, సెట్టు మొత్తం పోయింది. మీరైతే అంతదాకా ఆగొద్దు. కవర్ విప్పించి అచ్చు చూపించమనండి, ఆట ఎంత పెట్టారో అడగండి. అంకె చెప్పలేకపోతే ఆ పని వేరేచోట తిరిగి చేయించుకోవాల్సిందే.

ఒకటి మీరూ చూసుకోండి. కొత్త గేర్లకి మొదటి ప్రయాణాలు చిన్నవి ఉండాలి. ఇరవై ముప్పై నిమిషాలు మెల్లగా నడిపి, యాక్సిల్ పూర్తిగా చల్లారేదాకా ఆపి, మళ్లీ నడపాలి, ఇలా కొన్నిసార్లు. మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ కట్టకూడదు, బరువు వేయకూడదు. అవి అయ్యాక గేర్ ఆయిల్ తీసి కొత్తది పోయాలి, అందులో సన్నటి లోహపు పొడి ఉంటుంది. మొదటి రోజే బరువేసుకుని హైవే ఎక్కిన బండి అయితే పళ్లు కాగి మెత్తబడిపోతాయి, అప్పుడు తప్పు షాపు మీదకి తోయడం కుదరదు.

ప్రశ్న: గేర్లు మార్చాక స్పీడోమీటర్ దానంతట అదే సరైపోతుందా? ఒకరు అవుతుందంటారు, ఒకరు కాదంటారు.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు, వాళ్ల వాళ్ల బండ్ల గురించి. వేగం కొలిచే సెన్సర్ గేర్‌బాక్స్ చివరో ట్రాన్స్‌ఫర్ కేస్ చివరో ఉంటే అది షాఫ్ట్ చుట్లు లెక్కపెడుతుంది. అలాంటి బండిలో పెద్ద టైరు వల్ల వచ్చిన తప్పుని గేరు సరిచేస్తుంది. పైన మొదటి ప్రశ్న బండినే తీసుకుంటే, టైరు 8.7 శాతం పెరిగింది, 3.73 నుంచి 4.10కి గేరు 9.9 శాతం పెరిగింది, కాబట్టి మీటర్ ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది, అది లెక్కలోకి రాదు. అదే సెన్సర్లు చక్రాల దగ్గరే ఉండి, ఏబీఎస్ వాటి నుంచే వేగం తీసుకునే బండి అయితే దానికి గేర్లతో పని లేదు. ఏ గేరు వేసినా తప్పు తప్పుగానే ఉంటుంది, కంప్యూటర్‌లో టైరు సైజు మార్చాలి. అలాంటి కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి కొత్త యాక్సిల్ రేషియో కూడా విడిగా చెప్పాలి, లేకపోతే షాఫ్ట్ వేగానికీ చక్రం వేగానికీ పొంతన కుదరక లైట్లు వెలుగుతాయి, గేర్లు వేళ కాని వేళ మారతాయి. పాత కేబుల్ మీటర్ బండ్లకి కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే చాలు.

గేర్లు మార్చకపోయినా సరే, పెద్ద టైరు వేసిన రోజే ఈ పని చేయించండి. తక్కువ చూపించే స్పీడోమీటర్‌తో తిరిగితే కెమెరా దగ్గర మీ మాట ఎవరూ వినరు.

ప్రశ్న: నేను ట్రైలర్ లాగుతాను. 35 అంగుళాల టైర్లు వేసి 4.56 మార్పిస్తే ఇదివరకటి కన్నా ఎక్కువ బరువు లాగొచ్చా?

జవాబు: లాగుతుంది, కానీ లాగొచ్చు అని ఎవరూ అనలేరు. కంపెనీ చెప్పిన బరువు ఆ ఫ్రేమ్‌కి, ఆ బ్రేకులకి, ఆ చల్లబరిచే ఏర్పాటుకి, ఆ టైర్లకి కలిపి చెప్పినది. ఒకే మోడల్‌కి వేర్వేరు యాక్సిల్ రేషియోలకి వేర్వేరు బరువులు కంపెనీలు ఇచ్చే మాట నిజమే, దాన్ని పట్టుకుని మీరు సొంతంగా అంకె పెంచుకోకండి.

గేర్లు ఇంజన్ బలాన్ని నేల దాకా తిరిగి తెస్తాయి. బ్రేకుల్ని తేవు. బ్రేక్ పట్టే బలం అంతే ఉండి టైరు పెద్దదైంది కాబట్టి, అదే పెడల్ ఒత్తిడికి నేల మీద పట్టు తగ్గుతుంది, టైరు ఎత్తు పది శాతం పెరిగితే పట్టు తొమ్మిది శాతం తగ్గుతుంది. పైగా టైర్లు బరువు. ట్రైలర్ కట్టి దిగుడులో వస్తున్నప్పుడు ఇది తెలుస్తుంది, ఎక్కుడులో తెలియదు, అందుకే అందరూ ఎక్కుడు గురించే రాస్తారు. టైరు గోడ మీద ఉండే లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదానికన్నా తక్కువ కాకుండా చూసుకోండి, సైజు పెద్దదైతే మోసే బరువు కూడా పెద్దదే అనుకోవద్దు, చాలామంది అక్కడే బోల్తా పడతారు. 4.56 వేయించండి, మంచిదే, మీ పనికి అది సరైన గేరు. ఆ డబ్బులోనే ట్రైలర్ బ్రేకులకి, మంచి ప్యాడ్లకి కొంత తీసిపెట్టండి.

ప్రశ్న: చిన్న ప్రశ్న. పెద్ద టైర్లు వేశాక పాత సెట్టు ఇంట్లో అడ్డంగా ఉంది. అమ్మేయనా?

జవాబు: ఒక నెల ఆగండి. మొదటి ప్రశ్నకి చెప్పిన పరీక్ష అయ్యాక, ఒక ఆదివారం ఆ పాత టైర్లు మళ్లీ బిగించి, జీపీఎస్‌లో అదే వేగంతో అదే ఎత్తు ఎక్కండి, అదే మనుషులు, అదే బరువు. బండి ఇదివరకు అక్కడ ఎలా ఎక్కేదో మనకి గుర్తున్నంత గొప్పగా అసలు ఎక్కేది కాదని చాలామందికి అప్పుడు తెలుస్తుంది. తేడా నిజంగా భరించలేనంత ఉందనిపిస్తే, గేర్ల సెట్టుకి ఆర్డర్ పెట్టాకే పాతవి అమ్మండి. తేడా పెద్దగా లేదనిపిస్తే అదే సాయంత్రం అమ్మేయండి.